వ్యాయామమూ, అచేతన మనస్సూ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠము)



వ్యాయామం ఆరోగ్యానికి మంచిదన్న సంగతి తెలియనివారు ఈ సభలో ఒక్కరైనా ఉండరు. మధుమేహమో, రక్తపోటో ఉన్న ప్రతి ఇంటా దినదినమూ వినిపించే మాటే అది. ఉగాది నాడో, పుట్టినరోజు నాడో, లేక డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి మందలించిన నాడో, రేపటి నుండి తెల్లవారుజామున లేచి నడవాలని మనిషి సంకల్పించుకుంటాడు. కొత్త బూట్లు కొంటాడు. మొదటి రోజు నడుస్తాడు. రెండవ రోజు కూడా నడుస్తాడు. నాలుగవ రోజు చినుకు పడుతుంది. ఐదవ రోజు చినుకు లేకపోయినా పడక దిగడు. బూట్లు గుమ్మం పక్కన కొత్తవిగానే మిగిలిపోతాయి. ఈ మనిషికి జ్ఞానం లోపించినదా? లేదు. సంకల్పం లోపించినదా? బూట్లకు డబ్బు పెట్టినవానికి సంకల్పమే లేదనడం న్యాయం కాదు. జ్ఞానానికీ సంకల్పానికీ తెలియకుండా, వాటి వెనుక నుండి కాలు పట్టి లాగే మరొక శక్తి మనస్సులో ఉన్నది. నేటి ప్రసంగ విషయం అదే.

ముందుగా కొన్ని అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారం వయోజనులు వారానికి 150 నుండి 300 నిమిషాలు వేగంగా నడవడం వంటి మధ్యస్థ శ్రమ చేయవలెను. 5 నుండి 17 సంవత్సరాల బాలబాలికలకు రోజుకు సగటున 60 నిమిషాలు కావలెను. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన అంచనాల ప్రకారం, 2022 నాటికి ప్రపంచంలోని వయోజనులలో 31 శాతం మంది ఈ కనీస మాత్రం కూడా చేయడం లేదు. భారతదేశంలో అట్టివారు దాదాపు సగం. స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం. 2000 సంవత్సరంలో దేశంలో అట్టివారు 22 శాతమే. పత్రికలలో, రేడియోలో, టెలివిజన్లో వ్యాయామాన్ని గురించిన బోధ ఎంతో పెరిగిన ఆ కాలంలోనే ఆచరణ సగానికి దిగజారినది. దీనిని బట్టి బోధతో మాత్రమే తీరే సమస్య కాదిది అని స్పష్టమగుచున్నది.

అచేతనం అనగానే బి.ఎడ్. చదివిన ఉపాధ్యాయులకు ఫ్రాయిడ్ పండితుడు, నీటిలో తేలియాడే మంచుకొండ ఉపమానం జ్ఞాపకం వస్తాయి. ఇక్కడ అంత లోతుకు దిగనక్కరలేదు. ఆలోచన మొదలు కాకముందే మనస్సు చేసేసిన నిర్ణయం అన్నంత అర్థం చాలు. గదిలోకి అడుగుపెట్టగానే కన్ను కుర్చీని వెదుకుతుంది. మెట్లు, లిఫ్టు పక్కపక్కన ఉంటే చేయి లిఫ్టు మీటను నొక్కుతుంది. ఎందుకు నొక్కితివని అడిగితే మనిషి ఏదో కారణం చెప్పును గాని, ఆ కారణం చేయి కదిలిన తరువాత పుట్టినది.

ఈ విషయాన్ని ప్రయోగశాలలో పరీక్షించినవారు బోరిస్ షెవాల్, మాథ్యూ బువాగొంతియే అను పరిశోధకులు. 2018లో వెలువడిన వారి ప్రయోగంలో 29 మంది యువతీయువకులు పాల్గొన్నారు. వారి తలలకు మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే సాధనాలు అమర్చి, కంప్యూటరు తెర మీద ఒక చిన్న మనిషి బొమ్మను చూపించి, శ్రమను సూచించే చిత్రాల వైపు గాని, విశ్రాంతిని సూచించే చిత్రాల వైపు గాని ఆ బొమ్మను నడిపించమన్నారు. మరికొన్ని సార్లు వాటి నుండి దూరంగా తొలగించమన్నారు. విశ్రాంతి చిత్రాల నుండి బొమ్మను తొలగించడంలో వారు చురుకుదనమే చూపారు. కాని ఆ తొలగించే క్షణంలో వారి మెదడు అదనంగా పని చేయవలసి వచ్చినదని తరంగాలు తెలిపినవి. అనగా పడకకుర్చీకి వద్దని చెప్పగలరు, కాని ఊరకే చెప్పలేరు. లోపల కొంత ఖర్చు పెట్టవలసి యున్నది. 29 మంది అనేది చిన్న సంఖ్యే. ఒక్క ప్రయోగంతో సిద్ధాంతం స్థిరపడదు. అయినను, ఐదవ రోజు పడక దిగని మనిషి అనుభవానికి ఇది సరిగ్గా సరిపోతున్నది.

దేహానికి ఈ పిసినారితనం ఎక్కడి నుండి వచ్చినది? ఆహారం దొరకడం దుర్లభమైన యుగాలలో వృథాగా పరుగెత్తిన జీవి కంటె శక్తిని దాచుకొన్న జీవి బ్రతికి ఉండుటకు అవకాశం హెచ్చు. అందుచేత అవసరమైనప్పుడు శ్రమించడమూ, అవసరం లేనప్పుడు విశ్రమించడమూ మానవ ప్రకృతిలోనే ఉన్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. టాంజానియా దేశంలో నేటికీ వేట వలన, దుంపలు తవ్వుకొనుట వలన జీవించే హడ్జా జాతివారిని పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాలు ఈ సందర్భంలో గమనింపదగినవి. వారు కూడా మెలకువగా ఉన్న కాలంలో రోజుకు దాదాపు పది గంటలు విశ్రాంతిగానే గడుపుదురట! అయితే వారికి కుర్చీలు లేవు. గొంతుక్కూర్చొనుట, మోకాళ్ల మీద కూర్చొనుట వారి అలవాటు. అట్లు కూర్చున్నప్పుడు కాళ్ల కండరాలు కొంత పని చేయుచునే ఉండును. కావున కదలడానికి ఇష్టపడని బిడ్డను సోమరి అని నిందించుట శాస్త్రసమ్మతం కాదు. ఆ బిడ్డ తన పూర్వుల స్వభావాన్నే చూపుచున్నాడు. పూర్వులకు ఆకలి ఉండెను, సోఫా లేకుండెను. అంతే తేడా.

ఆ స్వభావానికి బ్రతుకుతెరువు తోడైతే ఏమగునో లండన్ నగరపు బస్సులు చూపించినవి. 1953లో జెరెమీ మోరిస్ అను వైద్యుడు లండన్ రవాణా ఉద్యోగుల ఆరోగ్య వివరాలను పరిశీలించి ప్రకటించెను. రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చొని ఉండును. కండక్టరు టిక్కెట్ల కొరకు రోజుకు ఇంచుమించు 500 నుండి 750 మెట్లు ఎక్కి దిగుచుండును. గుండెజబ్బు డ్రైవర్ల కంటె కండక్టర్లలో తక్కువ కనిపించినది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరే నాటికే కొంత లావుగా ఉండిరని, వారి యూనిఫారం కొలతలను బట్టి 1956లో మోరిస్ బృందమే తెలిపినది కనుక, మొత్తం తేడాను మెట్లకే అంటగట్టరాదు. అయినప్పటికీ ఒక సంగతి స్పష్టం. ఆ కండక్టరు ఏ ఉగాది నాడూ మెట్లెక్కుతానని సంకల్పం చేసుకోలేదు. ఆ పనే అతనిని ఎక్కించినది.

ఈ షోలాపూరు పట్టణంలో తెలుగువారి చరిత్ర యావత్తూ ఈ ఉదాహరణకు వ్యాఖ్యానం వంటిది. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలకు మగ్గమే జీవనాధారం. చేతిమగ్గం మీద నేతగాడు రెండు కాళ్లతో తొక్కుతూ, చేత నాడె విసురుతూ, రోజుకు కొన్ని వేల సార్లు దేహాన్ని కదిలించెడివాడు. తరువాత మరమగ్గాలు వచ్చినవి. మనిషి నిలబడి దారాలు చూసుకొనేవాడైనాడు. వారి బిడ్డలు, మనుమలు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఇక స్త్రీల సంగతి. ఈ పట్టణంలో ఎన్నో వేల తెలుగు ఇళ్లలో తల్లి ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టినది. వంగిన మెడ ఎత్తకుండా గంటల కొలది కూర్చున్న ఆ పని కూడా శ్రమయే. కాని కదలిక లేని శ్రమ. వేళ్లు మాత్రమే పరుగెత్తే శ్రమ. సాయంకాలానికి ఒళ్లు అలసిపోవును, అయినా ఒంటికి వ్యాయామం అందదు. అట్టి తల్లిని నడకకు వెళ్లమని చెప్పేవారు ముందు ఆమె నడుమునొప్పిని గురించి అడగవలెను.

ఈ తల్లిదండ్రులు బిడ్డను బడికి పంపునప్పుడు కోరుకొన్నది ఒక్కటే: నీడపట్టున కూర్చొని చేసుకొనే ఉద్యోగం. ఎండలో, దూదిపొడిలో, మగ్గాల మోతలో బ్రతికినవారికి ఆ కోరిక ఎంతో న్యాయమైనది. అయితే ఆ కోరిక వెనుక బిడ్డ మనస్సులో మరొక పాఠం నిశ్శబ్దంగా చేరుచున్నది. ఒళ్లు వంచడం పేదరికానికి గుర్తు, కాలు మీద కాలు వేసుకొని కూర్చోవడం గౌరవానికి గుర్తు! ఇంటికి వచ్చిన అతిథితో మొదట అనే మాట ‘కూర్చోండి’. పెద్దమనిషి నడిచి వస్తే ‘అయ్యో, నడిచి వచ్చారా?’ అని జాలిపడతారు. ఈ మాటలలో ఏ ఒక్కటీ తప్పు కాదు. కాని ఇటువంటి మాటలు వేనవేలు కలిసి, ఎవ్వరూ బోధించకుండానే, బాల్యంలోనే ఒక అభిప్రాయాన్ని గట్టిపరచుచున్నవి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ కఠినం. పదేళ్ల వరకు తొక్కుడుబిళ్ల, కోతికొమ్మచ్చి ఆడిన పిల్లను ఈడు రాగానే ‘ఆ గంతులేమిటి?’ అని అరుగు మీద కూర్చోబెట్టుదురు. నలభై ఏళ్లు గడిచాక డాక్టరు అదే స్త్రీని నడవమనును. రోడ్డు మీద ఒంటరిగా వేగంగా నడవడానికి ఆమెకు సిగ్గు. ఆ సిగ్గు ఏనాడు నేర్చినదో ఆమెకు జ్ఞాపకం ఉండదు. 57 శాతం అన్న అంకె వెనుక ఇట్టి సిగ్గు కొంత ఉన్నదనుట సాహసం కాదేమో.

ఇంటిపని వ్యాయామం కాదా అని తల్లులు అడుగుట సహజం. అవుతుంది, అది ఎంత వేగంగా, ఎంత సేపు చేస్తారన్న దాని మీద ఆధారపడి యుండును. దీని గురించి 2007లో ఆలియా క్రమ్, ఎల్లెన్ లాంగర్ అను మనస్తత్వవేత్తలు చేసిన పరిశీలన ఒకటి ప్రసిద్ధి పొందినది. హోటళ్లలో గదులు శుభ్రం చేసే 84 మంది స్త్రీలలో కొందరికి, వారు చేసే పని మంచి వ్యాయామమని వివరించి చెప్పారు; తక్కినవారికి చెప్పలేదు. నాలుగు వారాల తరువాత, తెలిసిన వారిలో బరువు, రక్తపోటు కొద్దిగా తగ్గినవట. ఇతరులు ఇటువంటి పరిశీలననే మరల చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు గనుక దానిని పట్టుకొని ఊగిపోనక్కరలేదు.

ఇక పాఠశాల వంతు. అచేతన మనస్సు మీద ఇంటి తరువాత అంతటి అధికారం గల చోటు బడి. బడిలో బిడ్డ నేర్చుకొనే మొదటి పాఠం అక్షరం కాదు, కుదురు. చేతులు కట్టుకొని, నోటి మీద వేలు వేసుకొని కదలకుండా కూర్చున్నవాడు బుద్ధిమంతుడు. ‘ఒక్కచోట కుదురుగా ఉండడు’ అన్నది తల్లిదండ్రులను పిలిపించి చెప్పే ఫిర్యాదు. ఆరేళ్ల పిల్లవాడు కదలడం వ్యాధి కాదు, వయస్సు. అయినా యాభై మంది ఉన్న తరగతిలో కుదురు లేక పాఠం సాగదన్న ఉపాధ్యాయుల బాధను కూడా తోసిపుచ్చరాదు. కుదురు కావలెను. అయితే కదలికకు శిక్ష, కదలనందుకు మెప్పు అని పదేళ్లు నిత్యమూ చెప్పి, పదకొండవ యేట వ్యాయామం చేయమంటే ఆ మనస్సు దేనిని నమ్మవలెను?

దీనికంటె తీవ్రమైనది మరొకటి ఉన్నది. ఇంటిపని రాయని విద్యార్థి గుంజీళ్లు తీయవలెను. ఆలస్యంగా వచ్చినవాడు మైదానం చుట్టూ పరుగెత్తవలెను. దేశంలో అసంఖ్యాకమైన పాఠశాలలలో ఇది తరతరాల ఆచారం. ఉపాధ్యాయ శిక్షణలో అందరూ పావ్‌లోవ్ కుక్కను చదివినవారే. ఆహారంతో పాటు గంట పదే పదే మోగితే, తరువాత గంట వినపడగానే నోరూరును. అట్లే శ్రమతో పాటు పదే పదే అవమానం కలిగితే, తరువాత శ్రమ అనగానే మనస్సు ముడుచుకొనును. థారన్‌డైక్ ఫలిత నియమం చెప్పునదీ ఇదే. సంతృప్తి కలిగించిన చర్య బలపడును, బాధ కలిగించినది బలహీనపడును. ఈ నియమాలను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొన్నవారే తరగతిలో గుంజీళ్లు తీయించుట విచిత్రం.

గుంజిళ్ల విషయంలోనే ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. వినాయక చవితి నాడు ఇంటిల్లిపాదీ స్వామి ముందు చెవులు పట్టుకొని గుంజీళ్లు తీయుదురు. తాతగారు తీయలేక తూలితే పిల్లలు నవ్వుదురు, తాతగారూ నవ్వును. ఎవ్వరికీ అవమానం లేదు. మరునాడు అదే పిల్లవాడు అదే చెవులు పట్టుకొని నలుగురి ముందు తరగతిలో తీసినప్పుడు కన్నీళ్లు పెట్టుకొనును. మోకాలు వంగిన తీరు ఒక్కటే, కండరాల శ్రమ ఒక్కటే. మనస్సు దాచుకొన్న అర్థం మాత్రం వేరు.

దాచుకొన్న ఆ అర్థం ఎంతకాలం ఉండును? అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం దీనికి సమాధానం వెదకినది. 18 నుండి 40 సంవత్సరాల వయస్సు గల వెయ్యిమందికి పైగా స్త్రీపురుషులను బడిలోని వ్యాయామ తరగతి జ్ఞాపకాలను గురించి వారు ప్రశ్నించిరి. చెడు జ్ఞాపకంగా ఎక్కువమంది చెప్పినది దెబ్బ తగలడం కాదు, నలుగురిలో సిగ్గుపడడం. జట్లు ఎంచుకొనునప్పుడు అందరికంటె చివర మిగిలిపోవడం వంటివి. ఆ తరగతి ఆనందంగా గడిచినదని జ్ఞాపకం ఉన్నవారు పెద్దయ్యాక కూడా వ్యాయామాన్ని ఇష్టపడుచుండిరి. చేదుగా జ్ఞాపకం ఉన్నవారు కూర్చొని గడపడానికే మొగ్గు చూపిరి. జ్ఞాపకాన్ని ఆధారం చేసుకొన్న అధ్యయనం కనుక ఏది కారణం, ఏది కార్యం అని ఖచ్చితంగా తేల్చలేము. అయినా ఈ సభలో కూర్చున్న పూర్వ విద్యార్థులు ఒక్క నిమిషం తమను తాము ప్రశ్నించుకొనవచ్చును. కబడ్డీ జట్టుకు పేర్లు పిలిచినప్పుడు మొదట ఎవరి పేరు, చివర ఎవరి పేరు వినబడినదో మరచినవారు అరుదు. లావుగా ఉన్న పిల్లవానిని ‘బస్తా’ అని పిలిచిన జట్టునాయకుడు ఆ సంగతి మరచి ఉండవచ్చును. ఆ పిల్లవాడు మరువడు. అతని మోకాళ్లు కూడా మరువవు.

విద్యాహక్కు చట్టం, 2009, 17వ విభాగం విద్యార్థులను శారీరకంగా శిక్షించుటను, మానసికంగా వేధించుటను నిషేధించినది. బెత్తం వదిలిన చేతికి గుంజీళ్లు సులభంగా దొరికినవి; బెత్తం కాదు గదా, ఒంటికి మంచిదే గదా అన్న సమాధానమొకటి. ఒంటికి మంచిదైన దానిని శిక్షగా ఇచ్చుటయే అసలు నష్టం. లెక్కలు రానివానికి శిక్షగా తెలుగు పద్యం చదివించిన యెడల తెలుగు పండితులు ఊరుకొందురా?

అచేతన మనస్సు చెడును మాత్రమే నేర్చుకొనదు, మంచినీ అంతే మూగగా నేర్చుకొనును. విలియం జేమ్స్ 1890లోనే తన మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో అలవాటుకు ఒక అధ్యాయం కేటాయించెను. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించినదేమనగా, ఒక కొత్త పని ఆలోచన లేకుండా జరిగే అలవాటుగా స్థిరపడుటకు మధ్యస్థంగా 66 రోజులు పట్టినది. కొందరికి 18 రోజులే చాలునని, మరికొందరికి 254 రోజులు కావలెనని వారి అంచనా. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. చినుకు పడిన రోజున ఓడిపోయామనుకొని బూట్లు మూలన పెట్టేవారికి ఈ చివరి మాట ముఖ్యం.

సంకల్పానికి సహాయం చేసే ఉపాయం మరొకటి. బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో జరిపి 2002లో ప్రకటించిన ప్రయోగంలో కొందరికి వ్యాయామం వలన కలిగే మేలును గురించి చక్కగా బోధించిరి. మరికొందరి చేత, ఆ బోధతో పాటు, వచ్చే వారంలో ఏ రోజున, ఏ వేళ, ఏ చోట వ్యాయామం చేయుదురో కాగితం మీద రాయించిరి. బోధ మాత్రమే విన్నవారిలో ఆచరించినవారు 35 శాతం. ఏ బోధా వినని వారిలో 38 శాతం! రాసినవారిలో 91 శాతం. ‘నడవాలి’ అనుకొనుట కంటె, ‘సాయంకాలం దీపం పెట్టిన వెంటనే గుడి దాకా నడిచి వస్తాను’ అని రాసుకొనుట బలమైనది. దీపం వెలిగించిన చేయి తలుపు వైపు తానే వెళ్లును. ఆలోచనకు పని తప్పును, బేరాలకు చోటుండదు. తల్లీ కూతురూ కలిసి వెళ్లినచో పైన చెప్పిన సిగ్గు కూడా సగం తగ్గును. బీడీల పని చేసే తల్లులు ఒక కట్ట ముగిసినప్పుడెల్లా లేచి వాకిలి వరకు వెళ్లి వచ్చునట్లు ఆ కట్టనే గుర్తుగా పెట్టుకొనవచ్చును.

పాఠశాలకు సంబంధించినంత వరకు ఉపాధ్యాయుల పరిశీలనలో రెండు ప్రతిపాదనలు ఉన్నవి. మొదటిది, గుంజీళ్లు, పరుగు, దండీలు, బస్కీలు వంటి ఏ దేహశ్రమనూ శిక్షగా విధింపరాదు. ఆటలలో జట్లను విద్యార్థుల చేత ఎంపిక చేయించక, చీటీలు వేసి నిర్ణయించవలెను. రెండవది, పదవ తరగతి వ్యాయామ పీరియడును గణితానికి గాని, ఇంగ్లీషుకు గాని, మరే విషయానికి గాని ఇవ్వరాదు. ఎస్.ఎస్.సి. పరీక్షల ముందు కూడా ఇవ్వరాదు. మొదటి దానికి పెద్దగా అభ్యంతరం ఉండకపోవచ్చును. రెండవ దాని మీద తల్లిదండ్రులలో భయమున్నది. తెలుగు మాధ్యమంలో చదివి, మరాఠీ, ఇంగ్లీషు మాధ్యమాల వారితో పోటీపడవలసిన పిల్లలకు ఒక్క మార్కు కూడా విలువైనదే. ఆ భయాన్ని చులకన చేయరాదు. అయితే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం 2010లో యాభై అధ్యయనాలను సమీక్షించినప్పుడు, బడిలోని దేహశ్రమకూ చదువుకూ మధ్య కనిపించిన సంబంధాలలో ఇంచుమించు సగం మేలు చేసేవి, తక్కిన వాటిలో దాదాపు అన్నీ మేలూ కీడూ లేనివి. చదువుకు కీడు కనిపించిన సందర్భాలు బహు స్వల్పం.

ఈ ప్రతిపాదనల మీద తల్లిదండ్రుల అభిప్రాయాలను వ్రాసి ఇచ్చుటకు కాగితాలు ద్వారం వద్ద ఉన్నవి. అవి కార్యాలయ గుమస్తాకు ఈ సాయంకాలమే అందజేయవలసినదిగా ప్రార్థన. ప్రతిపాదన నచ్చనివారు కారణం కూడా వ్రాసినచో, ఉపాధ్యాయుల సమావేశంలో ఆ కాగితాలనే ముందు చదువుదురు.